వెచెల్లియో వస్త్రధారణ గ్రంథం: కళ్లారా చూసిన వెనిస్, చెవిన పడిన దూరదేశాలు

యూరప్‌లో అచ్చు పని స్థిరపడ్డాక, 16వ శతాబ్దపు రెండో సగంలో, ఏ దేశపు జనం ఎలాంటి బట్టలు కట్టుకుంటారో బొమ్మలతో చూపించే పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి వెలువడ్డాయి. వాటన్నిటిలోనూ విస్తారమైనది 1590లో వెనిస్ నగరంలో చేజరే వెచెల్లియో వెలువరించిన గ్రంథం. దాని పాఠాన్ని బొమ్మలతో సహా మార్గరెట్ రోజెంతాల్, ఆన్ రోజలిండ్ జోన్స్ అనే ఇద్దరు పండితురాండ్రు ఇంగ్లీషులోకి తెచ్చారు. 2008లో థేమ్స్ అండ్ హడ్సన్ సంస్థ ‘ద క్లోదింగ్ ఆఫ్ ద రినైజాన్స్ వరల్డ్’ అనే పేరుతో ప్రచురించింది. నెల్లూరులో నేతబట్టల వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టి, పాటూరు మగ్గాల చప్పుడు వింటూ పెరిగిన పాఠకుడిగా ఈ పుస్తకాన్ని నింపాదిగా చదివాను. మన ప్రాంతంలో బట్ట మీద, చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి ఇది ఎంతవరకు ఉపయోగపడుతుందో చెప్పాలన్నదే ఈ సమీక్ష ఉద్దేశం.

ముందుగా వస్తువు సంగతి. ఇది గట్టి అట్టతో, మంచి కాగితంతో వచ్చిన బరువైన పుస్తకం. ఒడిలో పెట్టుకుని చదవడం కష్టం, బల్ల కావాలి. పాత చెక్క అచ్చు బొమ్మల గీతలు, వాటి చుట్టూ ఉన్న అలంకారపు చట్రాలు స్పష్టంగా పడ్డాయి. బొమ్మకు ఎదురుగానే దాని వివరణ ఉండడం వల్ల పుటలు ముందుకూ వెనక్కూ తిప్పవలసిన అవసరం రాదు. నేను తెప్పించుకున్న పుస్తకం సరైన ఆసరా లేకుండా రావడంతో అట్ట మూల నలిగింది. ఇంత బరువైన పుస్తకాన్ని పల్చటి కవరులో పంపడం అమ్మకందారు చేయవలసిన పని కాదు. విదేశం నుంచి వచ్చే పుస్తకం కాబట్టి రవాణా ఖర్చు కూడా గట్టిగానే పడుతుంది. కొనదలచినవారు ఆ రెండు విషయాలు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇదే గ్రంథపు బొమ్మలతో డోవర్ సంస్థ 1977లో వేసిన ఒక చౌక ప్రతి కూడా ఉంది. అది 1598 నాటి రెండో కూర్పులోని సుమారు 500 బొమ్మలను చిన్న చిన్న శీర్షికలతో ఇస్తుంది. నాటకాలకు వేషాలు కుట్టేవారికి, బొమ్మలు వేసేవారికి అది చాలు. అయితే వెచెల్లియో రాసిన వ్యాఖ్య లేకుండా ఈ బొమ్మలను చూడడం ప్రమాదకరమని నా గట్టి అభిప్రాయం. ఆ అభిప్రాయానికి కారణం పుస్తకంలోనే ఉంది కాబట్టి దాన్ని కొంత వివరంగా చెప్పవలసి ఉంటుంది.

వెచెల్లియో ప్రసిద్ధ చిత్రకారుడు టిషియన్‌కు బంధువు, ఆయన చిత్రశాలలో పనిచేసినవాడు. గ్రంథానికి బొమ్మలు తాను గీసి ఇస్తే, వాటిని చెక్క మీద చెక్కినవాడు న్యూరెంబర్గ్ నుంచి వచ్చిన క్రిస్టోఫ్ క్రీగర్ అనే శిల్పి. 1590 కూర్పులో సుమారు 420 బొమ్మలున్నాయి. కలంకారీ అచ్చులు చూసినవారికి ఈ పని ఎంత ఓపికతో కూడుకున్నదో వేరే చెప్పనక్కరలేదు: నలుపు రావలసిన గీతను మాత్రమే ఎత్తుగా ఉంచి, మిగతా చెక్కనంతా తొలిచివేయాలి. ఇక్కడే ఒక పరిమితి ఎదురవుతుంది. బట్ట రంగు, పట్టు మెరుపు, నూలు సన్నదనం, జరీ బరువు ఇవేవీ నల్లటి గీతలో కనిపించవు. ఆ లోటును వెచెల్లియో తన వ్యాఖ్యతో పూరించాడు. పై వస్త్రం ఏ రంగు, లోపలి అస్తరు ఏ బట్ట, నడుము గొలుసు బంగారమా వెండియా, ఏ పండుగకు ఏది తీసి కడతారు అన్నది ఒక్కో బొమ్మకూ రాసుకుంటూ వెళ్లాడు. అనువాదకులు ఆ బట్టల పేర్లను శ్రద్ధగా వివరించారు. నేతపని తెలిసినవారికి ఈ పుస్తకంలో అసలు సంపద ఈ వాక్యాల్లోనే ఉంది.

వెనిస్ భాగం చదువుతుంటే రచయిత వీధిలో నిలబడి చూసి రాశాడన్న సంగతి ప్రతి పుటలోనూ తెలిసిపోతుంది. ఒక బొమ్మ తీసుకుందాం. ఇంటి పైకప్పు మీద చెక్కతో కట్టిన చిన్న మంచె, దాని మీద మధ్యాహ్నపు ఎండలో కూర్చున్న ఒక స్త్రీ. ఆమె తల మీద గడ్డితో అల్లిన టోపీ ఉంది, కానీ దానికి నడినెత్తి భాగం లేదు. అంచు మాత్రమే ఉంది. ఆ రంధ్రం గుండా జుట్టునంతా పైకి లాగి అంచు మీద చుట్టూ పరుచుకుంది. ముఖానికి నీడ, జుట్టుకు ఎండ. చేతిలో సన్నటి కర్ర, దాని కొసకు కట్టిన స్పాంజి; ఆ స్పాంజిని మందునీళ్లలో ముంచి జుట్టు తడుపుతూ, ఆరగానే మళ్లీ తడుపుతూ గంటల తరబడి కూర్చుంటే జుట్టు బంగారు రంగుకు తిరుగుతుందని వెచెల్లియో రాస్తాడు. ఒంటి మీద పల్చటి పట్టుతోనో సన్నటి నూలుతోనో కుట్టిన వదులైన అంగీ ఉంటుందని కూడా చెబుతాడు. ఇది ఎవరో చెబితే విని రాయగల వివరం కాదు.

మరోచోట ఆయన ఒక బట్టల వ్యాపారిని పేరు పెట్టి మెచ్చుకుంటాడు. వెనిస్ బజారులో పానపాత్ర గుర్తు ఉన్న దుకాణం నడిపిన బర్తొలొమెయో బొంతెంపెలె నేయించే పట్టుబట్టల కొత్త కొత్త నమూనాల గురించి చెప్పి, తుర్కీ సుల్తాను అంతఃపురానికి కూడా ఆ సరుకు వెళుతుందని రాస్తాడు. వ్యాపార కుటుంబంలో పుట్టినవాణ్ణి కాబట్టి ఆ పుట దగ్గర చాలాసేపు ఆగాను. బట్ట ఎవరు కట్టారు అన్నదే కాదు, ఎవరు నేయించారు, ఎక్కడ అమ్మారు, ఎంతదూరం పోయింది అన్నది కూడా తెలుసుకోదగ్గ విషయమని 1590లోనే ఒక చిత్రకారుడికి తోచింది. మన చీరల మీద వస్తున్న ఖరీదైన బొమ్మల పుస్తకాలలో నేయించిన ఆసామి పేరు గానీ, మగ్గం నడిపిన చేతి పేరు గానీ ఎన్నిటిలో కనిపిస్తుంది?

వెనిస్ దాటి ఇటలీలోని ఇతర నగరాలకు, అక్కడి నుంచి ఫ్రాన్సు, స్పెయిన్, జర్మనీ ప్రాంతాలకు వెళ్లే కొద్దీ వ్యాఖ్య కురచవుతుంది. పుస్తకంలో అధికభాగం యూరప్‌కే చెందుతుంది. ఆసియా, ఆఫ్రికా రెండూ కలిపినా చిన్న భాగమే. అక్కడ ఆయన ఆధారపడినది ముందు వచ్చిన పుస్తకాల మీద, యాత్రికులు చెప్పిన మాటల మీద. ఈ తేడాను గమనించకుండా అన్ని బొమ్మలకూ ఒకే విలువ ఇస్తే పాఠకుడు మోసపోతాడు. బొమ్మలన్నీ ఒకే చేయి గీసినవి, ఒకే చట్రంలో కూర్చినవి కావడంతో, వెనిస్ గృహిణి ఎంత నిజమో దూరదేశపు రాణి కూడా అంతే నిజమని కంటికి తోస్తుంది.

తుర్కీ స్త్రీల బొమ్మల వెనుక ఉన్న కథ ఈ విషయంలో అందరూ తెలుసుకోవలసినది. వెచెల్లియోకూ, ఆ కాలపు మరెందరికో తుర్కీ విషయంలో ఆధారమైనది నికొలా ద నికొలే అనే ఫ్రెంచి భూగోళవేత్త పుస్తకం. ఆయన 1551లో ఫ్రాన్సు రాయబారితో కలిసి కాన్‌స్టాంటినోపుల్ వెళ్లాడు. అంతఃపుర స్త్రీలు పరాయి మగవాడి కంటపడరు. అప్పుడు ఒక అంతఃపుర సేవకుడి సాయంతో, బజారు నుంచి ఖరీదైన దుస్తులు తెప్పించి, ఇద్దరు వేశ్యలకు వాటిని తొడిగించి, వారిని చూసి గొప్పింటి స్త్రీల బొమ్మలు గీసుకున్నాడు. ఈ సంగతిని నికొలే తన పుస్తకంలో తానే రాశాడు. కాబట్టి ఆ బొమ్మల్లోని బట్ట నిజమే, కుట్టు నిజమే. కట్టుకున్న మనిషి మాత్రం శీర్షికలో చెప్పిన మనిషి కాదు. నికొలే పుస్తకం చదివినవారికి ఆ తేడా తెలుస్తుంది. ఆయన బొమ్మలను మాత్రమే తీసుకుని మరొకరు, వారి నుంచి ఇంకొకరు నకలు చేసుకుంటూ పోయేసరికి ఆ ఒప్పుకోలు రాలిపోయి, ‘తుర్కీ గొప్పింటి స్త్రీ’ అన్న శీర్షిక ఒక్కటే మిగిలింది. బొమ్మను దాని మాట నుంచి విడదీయరాదని నేను చెప్పడానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ అక్కరలేదు.

అమెరికా భాగం 1598 కూర్పులో కొత్తగా చేరింది. ఈ అనువాదంలో దాన్ని కూడా కలిపారు. వర్జీనియా ప్రజల బొమ్మలకు మూలం జాన్ వైట్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1585లో రోనోక్ ప్రాంతంలో ఎదుట చూసి వేసిన నీటిరంగుల చిత్రాలు. వాటిని తియొడోర్ ద బ్రీ 1590లో రాగి రేకుల మీద చెక్కించి అచ్చువేసినప్పుడు ముఖాలు, ఒళ్లు, నిలబడే తీరు యూరప్ శిల్పాల పోలికలోకి మారాయి. ఆ రాగి రేకు బొమ్మల నుంచి వెచెల్లియో చెక్క అచ్చు వచ్చింది. వైట్ చిత్రాలు ఈనాటికీ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి, వాటి నకళ్లు సులభంగా దొరుకుతాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక జాతి ముఖం చేతులు మారుతూ ఎలా అరిగిపోతుందో కంటికి కట్టినట్టు కనిపిస్తుంది. ప్రతి బొమ్మ పక్కన దాని మూలాన్ని కూడా ముద్రించి ఉంటే ఈ కూర్పు విలువ రెట్టింపయ్యేది.

జపాన్ విషయంలో మాత్రం పరిస్థితి కొంత మెరుగు. 1585లో జపాన్ నుంచి యువ రాయబారుల బృందం ఇటలీకి వచ్చి వెనిస్‌ను కూడా సందర్శించింది. పుస్తకంలో జపాన్ యువకుడి బొమ్మకు ఆ రాక నేపథ్యంగా నిలిచింది. మనిషి తన ఊరికి వచ్చినప్పుడు వెచెల్లియోకు రాయడానికి విషయం దొరుకుతుంది. రాని చోట ఆయన వాక్యం బలహీనపడుతుంది.

ఇక మన సంగతి. ‘తూర్పు ఇండియా’ అన్న పేరు కింద ఉన్న పుటలను ఎంతో ఆశతో తెరిచాను. అక్కడ హోదాను బట్టి స్త్రీలను, పురుషులను విడదీసి చూపారే తప్ప, ఏ రేవు, ఏ తీరం, ఏ నేత అన్నది తెలిపే వివరం నాకు దొరకలేదు. ఇదే నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన భాగం. ఎందుకంటే వెచెల్లియో పుస్తకం అచ్చయ్యే నాటికే ఒకప్పటి నెల్లూరు జిల్లాను ఆనుకుని ఉన్న పులికాట్ రేవు నుంచి మన నేతగాళ్ల బట్టలు ఓడలకెక్కి మలక్కా వైపు వెళుతున్నాయి, ఆ వర్తకంలో పోర్చుగీసు వారికి పెద్ద వాటా ఉంది. తర్వాత కొద్ది దశాబ్దాలకే డచ్చివారు పులికాట్‌లో, ఇంగ్లీషువారు మన దుగరాజపట్నంలో వర్తక స్థావరాలు పెట్టుకున్నది కూడా ఈ తీరపు బట్ట కోసమే. తాన పొడుగెంత, పన్నా ఎంత, ఏ దేశంలో ఏ రంగు అమ్ముడవుతుంది అన్నది వర్తకుడికి క్షుణ్ణంగా తెలుసు. అదే బట్ట కట్టుకున్న మనిషి మాత్రం బొమ్మల పుస్తకంలోకి వచ్చేసరికి ఊరూ పేరూ లేని ‘ఇండియా వాడు’ అయ్యాడు. ఈ ఎడం పూడేంత సమాచారం ఆ కాలంలో లేకపోలేదు. గోవాలో పోర్చుగీసు వారి కోసం సుమారు 1540 ప్రాంతంలో వేసిన 76 రంగుల చిత్రాల సంపుటి నేటికీ రోమ్‌లోని కాసనతెన్సె గ్రంథాలయంలో ఉంది. మన దేశపు జనాల కట్టుబొట్టు అందులో ఎంతో దగ్గరగా కనిపిస్తుంది. కానీ అది చేతిరాత ప్రతి, ఆ కాలంలో అచ్చుకెక్కలేదు. అచ్చుకెక్కినదే లోకానికి తెలిసింది.

వెచెల్లియోకు ముందున్న పుస్తకాలతో పోల్చితే ఆయన పట్ల నా గౌరవం పెరిగింది. 1562లో పారిస్‌లో ఫ్రాన్సువా దెప్రే వెలువరించిన చిన్న పుస్తకం ఈ కోవకు మొదటిదిగా చెబుతారు. అందులో బొమ్మకో నాలుగు పాదాల పద్యం ఉంటుంది. దేశదేశాల స్త్రీపురుషులతో పాటు సముద్రపు సన్యాసి, ఒంటికన్ను రాక్షసుడు, నిలబడిన కోతి కూడా అదే వరుసలో కనిపిస్తాయి. విదేశీయుడిని వింత జంతువు పక్కన నిలబెట్టడం వారికి తప్పుగా తోచలేదు. వెచెల్లియో ఆ దారి తొక్కలేదు. ఎంత దూరపు మనిషినైనా బట్ట కట్టిన మనిషిగానే చూపాడు. 1577లో న్యూరెంబర్గ్‌లో హాన్స్ వైగెల్ వేసిన పుస్తకం ముఖచిత్రం మరో రకంగా ఆసక్తికరమైనది. అందులో ఆసియా, ఆఫ్రికా, అమెరికా వారు తమ తమ వేషాలతో నిలబడితే, యూరప్ వాడు మాత్రం దిసమొలతో, చంకలో బట్ట చుట్టతో ఉంటాడు. రోజుకో కుట్టు మార్చేవాడికి ఏ బట్ట స్థిరం అన్నది దాని భావం. పరాయివారిని చూపే పుస్తకం తమవారి నిలకడలేనితనాన్ని కూడా ఎత్తిచూపగలిగిందన్నమాట. ఇంకా వెనక్కి వెళితే, 1508లో ఔగ్స్‌బర్గ్‌లో హాన్స్ బుర్క్‌మయిర్ చెక్కిన వరుస బొమ్మల్లో కొచ్చిన్ రాజు ఊరేగింపు ఉంది. 1505-06లో పోర్చుగీసు ఓడలతో వచ్చి వెళ్లిన బల్తజార్ స్ప్రింగర్ చెప్పిన విశేషాలు దానికి ఆధారం.

ఈ రకం పుస్తకాల వారసత్వం మన గడపలోకి ఎలా వచ్చిందో కూడా ఇక్కడ చెప్పడం అవసరం. 1866లో లండన్‌లోని ఇండియా ఆఫీసులో పనిచేసిన జాన్ ఫోర్బ్స్ వాట్సన్ మన దేశపు నేతబట్టల తునకలు 700 సేకరించి 18 సంపుటాలుగా కూర్చాడు. ఆ 18 సంపుటాల సెట్లు 20 తయారుచేసి, వాటిలో 13 బ్రిటన్‌కు, 7 మన దేశానికి కేటాయించారు. ఇక్కడి జనం ఏ బట్ట ఎలా కడతారో తెలుసుకుంటే బ్రిటన్ మిల్లులు అదే నమూనా నేసి ఇక్కడ అమ్ముకోవచ్చన్నది ఆ శ్రమ వెనుక ఉద్దేశం. వెచెల్లియోలో కుతూహలంగా ఉన్నది వాట్సన్ నాటికి వ్యాపార తంత్రమైంది. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు వెలువరించే నాటికి అది తలల కొలతల దాకా వెళ్లింది. మన నెల్లూరు యానాదులు ఆ సంపుటాల్లో ఒక జాతి నమూనాగా నిలిచారు. ఎవరు చూశారు, ఎందుకు చూశారు, ఎవరితో చెప్పించుకున్నారు అన్న ప్రశ్నలు 1590 బొమ్మకు వేసినట్టే 1909 ఛాయాచిత్రానికీ వేయాలి.

ఈ పుస్తకాన్ని నేతపని, దుస్తుల రూపకల్పన నేర్పే కళాశాలల గ్రంథాలయాలు తప్పకుండా కొనాలని నా సూచన. ఒంగోలు, చీరాల, నెల్లూరు, వెంకటగిరి వైపు ఆ చదువులు చదివే పిల్లలకు ఇది చేతికందేలా ఉండాలి. బట్టల మీద, అచ్చు బొమ్మల మీద ప్రేమ ఉండి, ఇంగ్లీషు వ్యాఖ్య చదివే ఓపిక ఉన్న వ్యక్తులు కూడా కొనుక్కోవచ్చు. పీఠిక కొంత బరువైనది కాబట్టి ముందుగా వెనిస్ భాగం చదివి, తర్వాత పీఠికకు రావడం సుఖంగా ఉంటుంది. భారతీయ వస్త్రధారణ చరిత్ర కోసమే వెతికేవారికి మాత్రం దీన్ని సిఫారసు చేయలేను. అంత ఖర్చు పెట్టలేనివారు డోవర్ ప్రతి కొనుక్కుని, పెద్ద గ్రంథాలయాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచిన 1590, 1598 మూల ప్రతుల పుటలను దగ్గర పెట్టుకోవచ్చు. భాష అర్థం కాకపోయినా ఏ బొమ్మకు వెచెల్లియో పుట నిండా రాశాడో, దేనికి కొద్ది పంక్తులతో సరిపెట్టాడో అక్కడ కంటితోనే తెలిసిపోతుంది.